చింతపండుతో తోమిన గుల్లలు

నేను చేసిన తప్పుల్లో అత్యంత శ్రద్ధగా చేసినది ఒకటుంది. పన్నెండు నెలలు, ఒక్క నెలా వదలకుండా చేశాను.

తొంభైలు ముగుస్తున్న రోజులు. బడి ఉద్యోగం నుంచి రిటైరై డుంబ్రిగుడ దగ్గర చిన్న ఊళ్లో ఉంటున్నాం. ఊరి పైన కొండకు పెద్ద రాతి చరియ ఉంది. దాని కింద పూర్వం మనుషులు బతికిన ఆనవాళ్లున్నాయని ఒక ఎండాకాలం యూనివర్సిటీ వాళ్లు తవ్వారు. రాతి పనిముట్లకంటే నత్తగుల్లలే ఎక్కువ బయటపడ్డాయి. వాటి మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి మా వరండాలోనే ఆరబెట్టుకునేది.

మా పక్కింటావిడ నాకంటే పెద్దది. ఊరంతా అప్ప అనే పిలుస్తారు. ఆమె ఒక గుల్ల చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఇయి తినీసినవే. తోక కొట్టినారు సూడు."

నత్తల్ని ఉడికించి, గుల్ల కొస విరగ్గొట్టి, మూతి దగ్గర నోరు పెట్టి మాంసం పీల్చుకోవడం ఇక్కడి పద్ధతి. ఎప్పటివో ఆ గుల్లలకూ కొస లేదు. మూతి మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ మూతి అంచే తనకు ముఖ్యమని అమ్మాయి చెప్పింది. నత్త పెరిగేకొద్దీ అంచున కొత్త పొర చేరుతుందట. అప్పటి నీటి గుణం ఆ పొరలో నిలిచిపోతుందట. వాననీరు నిండుగా ఉంటే ఒక రకంగా, ఎండకు నీరు ఇగిరిపోతే మరో రకంగా. చివరి అంచు చూస్తే ఏ కాలంలో పట్టుకున్నారో, పొరలన్నీ చూస్తే ఆనాటి వానలెలా ఉండేవో అంచనా కట్టవచ్చు. కానీ పాతవి చదవాలంటే, ముందు ఏ రోజున పట్టినవో కచ్చితంగా తెలిసిన ఇప్పటి గుల్లలు కావాలి. నేను చాలా ఏళ్లుగా రోజూ వానకొలత రాసుకుంటున్నానని తెలిసి ఆ పని నాకు అప్పగించింది. ఊరి పక్కన పారే గెడ్డలోంచి నెలకు పది నత్తలు, తేదీ రాసిన గుడ్డసంచిలో. శుభ్రంగా ఉంచమని చెప్పి వెళ్లింది.

శుభ్రంగానే ఉంచాను. పాచి పట్టి, జిగురుగా ఉండేవి. చర్చిలో ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు తోమేది నేనే కనుక, గుల్లల్నీ అలాగే చింతపండు నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టాను. తెల్లగా మెరిసేవి. సంచుల్ని వరసగా మేకులకు తగిలించి, చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఏడాది తిరిగి, క్రిస్మస్ ఇంకా మూడు వారాలుందనగా అమ్మాయి వచ్చింది. మొదటి సంచి విప్పి భూతద్దం పెట్టి చూసింది. రెండోది చూసింది. తర్వాత దేనితో కడిగారని అడిగింది. చెప్పాను. పులుపు గుల్లను తినేస్తుందని, ముందుగా పోయేది ఆ పల్చటి అంచేనని మెల్లగా చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె ఫెలోషిప్ వచ్చే వేసవితో అయిపోతుంది. మరో ఏడాది పోగు చేసే వ్యవధి లేదు. తెలిసిన గుల్లలు లేకపోతే చరియ కింద దొరికినవాటి సంగతి తేలదు.

కంచె అవతల నుంచి అప్ప అంతా విన్నది.

"ఏటి మేస్టారూ, సింతపండెట్టి తోమీసినారా? ఇత్తడి సెంబులనుకున్నారా ఏటి?"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. అప్ప మాత్రం అమ్మాయి మొహం చూసి, తన పెరట్లోకి రమ్మంది.

పెరట్లో రాళ్లు పేర్చిన గుంట ఉంది. ఏడాదంతా తిన్న నత్తగుల్లల్ని అందులోనే వేసి, క్రిస్మస్ ముందు కాల్చి, ఆ సున్నంతో ఇంటికి వెల్ల వేసేది. ఈగలు ముసరకుండా, గుల్లలు పోసిన ప్రతిసారీ పైన పొయ్యిబూడిద చల్లేది. అమ్మాయి ఒక పక్క జాగ్రత్తగా తవ్వింది. గుల్లలు, బూడిద, మళ్లీ గుల్లలు. వాళ్లు కొండ మీద తవ్వినదానికీ దీనికీ తేడా లేదు. కాల్చితే పాడవుతాయి గానీ ఉడికించినంత మాత్రాన ఫరవాలేదని ఆమె అంది. తేదీలే లేవు.

తేదీలు నా దగ్గర ఉన్నాయి. అప్ప గెడ్డలో నత్తలు పట్టిన రోజే కూర వండేది, వండిన రోజున మాకో గిన్నె తప్పకుండా వచ్చేది. కడుపులో పుండని డాక్టరు చెప్పినప్పటి నుంచి నేను ఏం తిన్నదీ రాస్తున్నాను. డైరీ తెచ్చి వెనక నుంచి చదవసాగాను. అమ్మాయి పై పొర నుంచి మొదలుపెట్టి గుల్లలన్నీ తీసి, నేను చెప్పిన తేదీ కవరు మీద రాసుకుంది. పెద్ద వానలు పడ్డ తేదీల దాకా సరిగ్గా వచ్చాం. అక్కడ ఒక పొర ఎక్కువైంది. నా డైరీలో దానికి కూర లేదు. ఇక్కడ ఒకటి తప్పితే కింద ఉన్నవన్నీ తప్పుతాయి. అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది.

గుంట గట్టు మీద కూర్చున్న అప్ప వంగి ఆ పొర చూసింది.

"ఆ దినాల మీకు జొరం. అమ్మగోరు గంజి కాసినారు. మరి కూరెందుకు అంపుతాను?"

పేజీ తిప్పాను. మూడు రోజులు జ్వరం, గంజి. ఆ మూడింటిలో ఏ రోజని అడిగాను. ఆ రోజు నత్తలు ఏరుకుని వస్తుంటే గెడ్డ పొంగి దాటురాళ్లు మునిగిపోయాయని, ఇంటికి చుట్టు తిరిగి వచ్చానని ఆమె చెప్పింది. జ్వరంలో ఉన్న నా బదులు నా భార్య రాసిన వానకొలతల్లో ఒక్క రోజు అంకె పెద్దది. అది రెండో రోజు. అమ్మాయి పెన్ను తీసుకుంది. చీకటి పడేలోగా గుంట అడుగు కనిపించింది.

వెల్లకు ఏమీ మిగల్లేదని మాకు అప్పుడు తట్టింది. అప్ప నా వరండా వైపు చూసింది.

"ఆ తెల్లటియి ఎలాగూ దండగే గదా. ఇలాగిచ్చీండి, కాల్చుకుంటాను."

నా పన్నెండు సంచులూ ఇచ్చేశాను. ఆ సున్నం మా వైపు గోడకు సరిపోయింది. మిగతా మూడూ ఆ ఏడాది మట్టి రంగులోనే ఉన్నాయి. పండగకు వచ్చినవాళ్లు అడిగితే, మేస్టారి కోసం ఒక గోడే వేశానని చెప్పింది. నేను నా జీవితంలో చాలామందికి రుణపడి ఉన్నాను. వాళ్లలో ఎవరూ దాన్ని అంత తేలిగ్గా తీసుకోలేదు.

తర్వాతి వానలకు అమ్మాయి ఉత్తరం రాసింది. పని పూర్తయింది. చరియ కింద మనుషులు నత్తలు తిన్న కాలంలో వానలు ఇప్పటికంటే ఎక్కువ నెలలు పడి ఉండవచ్చని, ఇంకా రూఢి చేసుకోవాలని రాసింది. కంచె దగ్గర నిలబడి అప్పకు చదివి వినిపించాను.

"అయితే ఆళ్లకి ఎండల్లో కూడా కడుపునిండా కూర దొరికీదన్నమాట," అంది, కాస్త అసూయగా.

ఆ సాయంత్రం గిన్నె వచ్చింది. తిని, తేదీ వేసి రాసుకున్నాను.