జాజు అంటిన గొర్రెపిల్ల

ఎనభైల మొదట్లో నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పరిశోధన చేసేదాన్ని. మూత్రాశయ క్యాన్సర్ కణాలకు మెరిసే రంగు పట్టించి, సన్నని గొట్టంతో చిట్టెలుకల మూత్రాశయంలోకి ఎక్కించడం నా పని. కొన్నాళ్లకు ఆ మూత్రాశయాన్ని పలుచగా కోసి నీలి కాంతి కింద చూస్తే కొన్ని కణాలు ఆకుపచ్చగా వెలిగేవి. వెలిగినవన్నీ నా కణాలే, బతికి పాతుకున్నాయని లెక్క. మా సారు సంబరపడి సదస్సులో చెప్పడానికి సిద్ధమైపోయాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నేనూ అప్పుడే డాక్టరేట్ వచ్చినట్టు తిరిగాను. ఒకటే బాధ. ల్యాబ్‌లో నోరు విప్పాలంటే ముందు మనసులోని మా తెలంగాణ మాటను కోస్తా యాసలోకి మార్చుకోవాలి, లేకపోతే తోటివాళ్లు నవ్వేవాళ్లు.

ఆ సంబరంతోనే మహబూబాబాద్‌లో రైలు దిగి, మరిపెడ దగ్గర మా ఊరికి వెళ్లాను. మాది గొర్రెలు కాసే ఇల్లు. ఆ సాయంత్రం వాన పట్టుకుంటే మా చిన్నబాపు, అంటే చిన్నాన్న, మందనూ పక్కింటాయన మందనూ ఒకే దొడ్డిలోకి తోలారు. మా గొర్రెలకు గుర్తుగా వీపు మీద జాజు, అంటే ఎర్రమన్ను, పూస్తాం. తెల్లారి మందలు విడదీస్తూ, వీపున జాజు ఉన్న ఒక పిల్లను చిన్నబాపు మా వైపు లాగాడు. పక్కింటాయన అది తనదన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరికి ఆయన పిల్లను వదిలి చూడమన్నాడు. అది ఉరికి ఆయన గొర్రె పొదుగు కిందే దూరింది.

“తడి జాజు. రాత్రంత ఒకదాన్నొకటి ఒరుసుకున్నయి. అంటకుంట ఉంటదా?” అన్నాడాయన.

చిన్నబాపు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. నా కణాలు లోపలే చచ్చిపోయి, వాటి రంగు ఎలుక సొంత కణాలకు అంటుకుంటే? అవీ ఆకుపచ్చగానే వెలుగుతాయి కదా.

ఇక కాలు కాలిన పిల్లినయ్యాను. రెండు రోజులుండి పొమ్మని అవ్వ బతిమాలినా వినలేదు. జనగామలో రైలు కాసేపు ఆగితే డ్రైవరు మీద కూడా కోపం వచ్చింది.

ల్యాబ్‌కు చేరగానే రంగు పట్టించిన కణాలను వేడి చేసి చంపి, కొత్త ఎలుకల్లోకి ఎక్కించాను. చచ్చినవి పాతుకోలేవు. వెలిగేవి బతికిన కణాలే అన్న నా పాత లెక్క నిజమైతే ఏదీ వెలగకూడదు. ఆ ఎదురుచూపులో అన్నం సయించలేదు, తోటివాళ్ల మీద ఊరికే విసుక్కున్నాను. చివరికి చీకటిగదిలో సారూ తోటివాళ్లూ చుట్టూ నిలబడితే మైక్రోస్కోప్‌లో చూశాను. అంతా ఆకుపచ్చే.

సారు కూడా చూశాడు. తల ఎత్తి నా వైపు తిరిగాడు.

“మరి ఇన్నాళ్లూ మనం చూసినవాటిలో నీ కణాలు ఏవమ్మా?”

మాటను వాళ్ల యాసలోకి మార్చుకునే ఓపిక లేకపోయింది.

“తెల్వది సార్” అన్నాను.

ఎవరూ నవ్వలేదు.