చెమట పడితే జలుబు పోతుందనుకున్న వారం

ఈ సాయంత్రం విజయవాడలో మా కాలనీ పక్క గ్రౌండులో ట్యాంకరుతో నీళ్లు చల్లుతుంటే, ఎండకు మాడిన మట్టి ఒక్కసారిగా గుప్పుమంది. ఆ వాసనకి పామర్రు స్కూల్లో మాకు ఆటలు నేర్పిన ధనలక్ష్మి టీచరు గుర్తొచ్చారు. గుర్తు రావడమేమిటి, వెనకనుంచి వచ్చి వీపు మీద చరిచినట్టే అయింది! పాపను పడుకోబెట్టి రాస్తున్నాను. ఆవిడ గురించి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

చిన్నప్పుడు నాకు నెలకో జ్వరం. ఎనిమిదో తరగతిలో ఉండగా, నన్ను ఆటల నుంచి తప్పించమని అడగడానికి మా అమ్మ స్కూలుకు వచ్చింది. టీచరుది బందరు దగ్గర చేపలు పట్టే కుటుంబం. గొంతెత్తితే గ్రౌండు అవతలివాళ్లు కూడా తిరిగి చూసేవారు. "ఇన్నేళ్లూ ఇంట్లో కూర్చోబెట్టి చూశారు కదండీ, ఏమన్నా తగ్గిందా?" అన్నారు. "తుమ్మితే పడిపోతుందండీ మా పిల్ల," అంది అమ్మ. "పడితే లేపుతానండీ. మూడు నెలలు నాకు వదిలెయ్యండి."

మొదటి నెల నన్ను పరిగెత్తనివ్వనే లేదు. గ్రౌండు చుట్టూ కబుర్లు చెబుతూ నడవాలి. తర్వాత కబుర్లు చెబుతూనే మెల్లగా పరుగు. ఆయాసంతో మాట తెగితే వేగం తగ్గించాల్సిందే. "ఒంట్లో కాపలావాళ్లుంటారే. నువ్వు కదిల్తే వాళ్లూ లేచి గస్తీ తిరుగుతారు. నువ్వు మంచమెక్కితే వాళ్లూ ఏ మూలో కునుకు తీస్తారు," అనేవారు. ఏళ్ల తర్వాత డిగ్రీలో జువాలజీ చదువుతున్నప్పుడు, వ్యాయామం చేస్తే రక్తనాళాల గోడలను అంటిపెట్టుకున్న రక్షణ కణాలు ప్రవాహంలోకి వచ్చి తిరుగుతాయని లెక్చరర్ చెప్పారు. "మా టీచరు చెప్పిందీ ఇదే!" అని అరిచేశాను. క్లాసంతా నవ్వింది.

టీచరుకి ఒక పద్ధతి ఉండేది. రోజూ ఆటకు ముందు ఖోఖో పిల్లలందరం ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. మణికట్టు మీద వేళ్లు పెట్టి, ఆవిడ విజిల్ నుంచి విజిల్ దాకా ఒక నిమిషం నాడి లెక్కపెట్టి, వరసగా అంకె చెప్పాలి. ఎవరి అంకె మామూలుకన్నా బాగా పెరిగితే వాళ్లకు ఒంట్లో బాగోలేదని లెక్క, ఆ రోజు ఆట లేదు. స్టూలు మీద కూర్చుని పాయింట్లు రాయాలి. దానికి మేం పెట్టుకున్న పేరు పెళ్లిపీట. "ఏమే, పీటెక్కావా? బుగ్గచుక్క ఏదే?" అని ఏడిపించుకునేవాళ్లం.

మూడు నెలలకి జ్వరాలు నిజంగానే అరుదైపోయాయి. నాకు ఆశ పుట్టింది, స్కూలు జట్టులో చోటు కావాలి. ఎంపిక ఆదివారమనగా అంతకు ముందు వారం జలుబు పట్టుకుంది. చెమట పడితే పోతుందని మా వీధిలో అందరూ అనేవారు కదా అని, స్వెట్టరు వేసుకుని పొద్దునా సాయంత్రం కాలువగట్టు మీద పరిగెత్తాను. సోమవారం నాడి చూసుకుంటే తొంభై నాలుగు. నా మామూలు అంకె డెబ్బయ్యారే చెప్పేశాను.

టీచరు నా మొహం చూశారు. దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని తనే లెక్కపెట్టారు. "డెబ్బయ్యారు ఎవరిదే, పక్కింటోళ్లదా?"

ఏడుస్తూ గట్టు మీద పరుగు సంగతంతా చెప్పాను. "చెమట పడితే పోతుందనుకున్నా టీచర్."

"కాపలావాళ్లు దొంగతో కుస్తీ పడుతుంటే, వాళ్లచేత బస్తాలు మోయిస్తావటే! పో, ఇంటికి పోయి పడుకో."

"ఆదివారమే సెలక్షన్ టీచర్!"

"తెలుసు. నాడి తగ్గితేనే గ్రౌండులోకి. లేకపోతే నువ్వు ఏడ్చినా నేను ఏడ్చినా పీటే."

రెండు రోజులు జ్వరం కాసింది. తర్వాత చారన్నం, నిద్ర, చారన్నం, నిద్ర. ఆదివారం పొద్దున టీచరు ముందు కూర్చుంటే గుండె దడదడలాడుతోంది. "భయపడకే పిచ్చిపిల్లా, అంకె పెరిగిపోతుంది!" అని ఆవిడే నవ్వారు. రెండుసార్లు చూశారు. "డెబ్బయ్యెనిమిది. వెళ్లు!" ఎలా ఆడానో నాకు తెలియదు. గాలి నన్ను ఎత్తుకుని తిప్పినట్టుంది. జట్టులో పన్నెండో పేరు, ఆఖరి పేరు, నాదే. టీచరు అది చదివి కాగితంలోంచి తలెత్తకుండానే, "వాళ్లమ్మకి కబురు చెప్పండర్రా, పడలేదని," అన్నారు.

ఆవిడ దగ్గర అంత నేర్చుకునీ, తల్లినయ్యాక అంతా మరిచిపోయాను. పాపకు ఐదేళ్లు. ముక్కు కారితే చాలు, వారాల తరబడి తలుపులు మూసేదాన్ని. మొన్నటి జలుబు తగ్గి వారమైనా ఈ సాయంత్రం దాని చెయ్యి వదల్లేదు. గ్రౌండులో పిల్లలు పరిగెడుతున్నారు. నుదురు చూశాను, మెడ చూశాను. చల్లగానే ఉన్నాయి. అప్పుడు, బహుశా మొదటిసారి, దాన్నే అడిగాను. "నిజం చెప్పు బంగారం, ఎలా ఉంది నీకు?"

"కాళ్లు దురద పెడుతున్నాయమ్మా, పరిగెత్తాలని."

చెయ్యి వదిలాను. నాకింకా భయమే. రేపు మళ్లీ తుమ్మితే మళ్లీ భయపడతాను. కానీ భయం వేసినప్పుడు ఒంటిని అడగాలనీ, అది చెప్పింది మార్చకుండా వినాలనీ ఆవిడ నేర్పింది నాలో ఇంకా ఉంది. పాప రెండు చుట్లు తిరిగి, మొహం జామపండులా చేసుకుని వచ్చి, "ఇంకొకటమ్మా, నువ్వూ రా!" అంది.

చెప్పులు విడిచి నేనూ దిగాను.