ఎర్ర టమాటా మీద కోపం

బస్సు సముద్రం పక్కనే అంకోనా పట్నం వైపు పరుగెడుతుంటే, నివెస్ పక్క సీటులో ఒక పెద్దాయన కూలబడ్డాడు. ఆమె ఒళ్ళోని ఆసుపత్రి కవరు చూశాడు.

"నేనూ అక్కడికేనమ్మా. నెలకోసారి తలకు కరెంటు పెట్టించుకుంటా. నా పేరు ఒట్టొరీనో, మాది అంకోనాయే. మరి నీకు?"

"అయస్కాంతం" అంది నివెస్.

శాన్ బెనెదెత్తో రేవులో వలలు బాగుచేసే మనిషి ఆమె. ఆ గొంతు లేస్తే పడవలవాళ్ళు పక్కకు తప్పుకునేవారు. రెండేళ్ళ కిందట ఆ గొంతు మూగబోయింది. దిగులు జబ్బు. మందులు మారాయి, మనిషి మారలేదు. ఇప్పుడు కొన్ని వారాలుగా తలకు అయస్కాంతపు తీగచుట్ట ఆనించి టకటకా కొట్టిస్తున్నారు. మెలకువగానే కూర్చోవచ్చు, మతి ఎక్కడికీ పోదు, కానీ నిదానం. కరెంటుకైతే మత్తిచ్చి పడుకోబెడతారు. బలమైనది, త్వరగా పనిచేస్తుంది, కొన్ని జ్ఞాపకాలు జారిపోవచ్చు. ఆ వైద్యం పుట్టింది ఈ దేశపు రాజధానిలోనే. అయినా మొగుడూ పెళ్ళాల తగువులు కిటికీలోంచి అరిచి చెప్పుకునే ఈ జనం, దీని పేరు మాత్రం గుసగుసగా పలుకుతారు. ఎందుకో!

ఇవాళ డాక్టరుకు ఆమె తేల్చి చెప్పాలి: అయస్కాంతమే సాగనిద్దామా, కరెంటుకు మారదామా?

"నిజం చెప్పు పెద్దాయనా, ఏం మర్చిపోయావు?"

"పోయిన ఈస్టరు భోజనం. మా బావమరిది మొహం. రెండోది లాభమే!" పకపకా నవ్వాడు. "కానీ చచ్చినవాణ్ణి లేచి కూర్చున్నానమ్మా! నిన్న బ్రొదెత్తో పులుసు నేనే కాచాను. రకరకాల చేపలు, పైన ఎర్ర టమాటాలు దండిగా..."

"ఏం టమాటాలు?"

"ఎర్రవి."

ఈ తీరంలో ఊరికో చేపల పులుసు. పక్క ఊరి పులుసు మెచ్చుకున్నవాడు ఇంకా పుట్టలేదు.

"బ్రొదెత్తోలో ఎర్రవా! పచ్చి టమాటా, కాప్సికం, వెనిగరు! నీ మతి కరెంటు పట్టుకుపోయిందా, మీ అంకోనావాళ్ళకు మొదట్నుంచీ లేదా?"

"అబ్బో! టమాటా పండేదాకా ఆగే ఓపిక మీ ఊరికి లేదు కాబోలు!"

"మా తాతలు పడవ మీద వండుకున్న పులుసయ్యా అది! దానికి వంకా?"

బస్సంతా తిరిగి చూసింది. డ్రైవరు అద్దంలోంచి "ఆవిడదే రైటు" అని కేకేశాడు. అతనిదీ శాన్ బెనెదెత్తోయే మరి.

నివెస్ లేచి నిలబడి ఉంది. చెవులు వేడెక్కాయి, గుండె దడదడలాడుతోంది. ఇల్లు కాలిపోతున్నా కదలని మనిషికి టమాటా రంగు మీద కోపం వచ్చింది! దాని వెనకే ఆకలి కూడా!

ఒట్టొరీనో మెల్లగా అడిగాడు: "ఎన్నాళ్ళయిందమ్మా ఇలా అరిచి?"

ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. "రెండేళ్ళు! అయస్కాంతం... నన్ను కదిలిస్తోంది! ముందు దీన్నే పూర్తి చేయిస్తా. చాలకపోతే నీ కరెంటుకే వస్తా, నిన్ను చూశాక భయం పోయింది. నీ పులుసుకు మాత్రం రాను!"

ఆసుపత్రి ముందు బస్సు ఆగింది. పెద్దాయన కర్ర వెతుక్కునేలోగా ఆమె మెట్లు దిగేసింది. చేతులూపుకుంటూ, తనలో తానే ఇంకా వాదించుకుంటూ, వెనక్కి చూడకుండా డాక్టరు గది వైపు వెళ్ళిపోయింది.