టెంపరవరీయే కదా

పాతపట్నం బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, ఒళ్లో ఆరేళ్ల మనవరాలు. నేను ఇంగ్లీషు మాస్టారినని తెలిశాక గొంతు తగ్గించి అడిగింది.

"పిల్ల బళ్లో ఎవులతోనూ మాటాడదని డాట్రుబాబుకి సూపించాను. రోగం కాదు, టెంపర్మెంటు అన్నారు. అంటే టెంపరవరీయే కదా బాబూ, తగ్గిపోతాది కదా?"

తప్పు మాట చెవిన పడితే దిద్దకుండా ఉండలేను. "కాదమ్మా, పుట్టుకతో వచ్చే స్వభావం" అన్నాను.

ఆమె పిల్లను గట్టిగా హత్తుకుంది. "అయితే మరి పోదా?"

జేబులో టిక్కెట్టు ఉందో లేదోనని తడుముకున్నాను. ఆమె నా చేతినే చూసింది.

"ఎక్కినకాడ్నించీ ఆ టిక్కెట్టు నాలుగుసార్లు తడుముకున్నారు. మీదీ పుట్టుకతో వచ్చిందేనా?"

"చిన్నప్పటి నుంచీ ఇంతేనమ్మా."

"అయినా మాస్టారయ్యారు కదా" అని పిల్ల తల నిమిరింది. దిగేవరకూ ఆ చెయ్యి తియ్యలేదు.

వాళ్లు దిగిపోయాక ఐదోసారి టిక్కెట్టు చూసుకున్నాను. ఇప్పుడు క్లాసులో టెంపర్మెంటు అనే మాటకు అర్థం చెప్పాల్సి వస్తే ముందు నా జేబు చూపిస్తాను.