సింగపూర్‌లో కుప్పం మల్లెలు

దూరాన్ని కిలోమీటర్లలో చెబితే మా అక్క అమరావతికి కోపం. కుప్పం బస్టాండు పక్కన పూలు కట్టి అమ్ముతుంది. పుంగనూరు పెళ్లికి దండ కావాలన్నా, మదనపల్లె పెళ్లికి కావాలన్నా మొదట అడిగేది ఒకటే: "ఎన్ని గంటలప్పా?" మల్లెమొగ్గ బుట్టలో విచ్చుకోకూడదు, పెళ్లికూతురి మెడలో విచ్చుకోవాలి. అదీ ఆమె పంతం.

అలాంటిది మా సుప్రియ పెళ్లి సింగపూర్‌లో కుదిరింది. చనిపోయిన మా పెద్దక్క కూతురు. పెంచింది అమరావతే. పెళ్లికొడుకు వాళ్లు అక్కడే స్థిరపడ్డారు. పిల్ల రెండు రోజుల ముందే వెళ్లింది. అక్కకు పాస్‌పోర్టు లేదు. మేనమామగా నేను వెళ్లాలి, అక్కకు బదులు ఆమె కట్టిన దండ వెళ్లాలి.

నా టికెట్టు చూసి గొడవకు దిగింది.

"బెంగుళూరులో పొద్దున పదికి ఎక్కి ఆడ సాయంత్రం ఐదుకు దిగితే ఏడు గంటలు కదా మునీ? నాలుగున్నరంటాండావే!"

"ఆడ గడియారం రెండున్నర గంటలు ముందుంటాది అక్కా."

"యాల?"

"మూడు వేల కిలోమీటర్లకు పైనే కదా! ఆడ పొద్దు ముందే పుడతాది."

"అట్లయితే మదనపల్లెలో పొద్దు కూడా కొంచెం తేడాగా పుట్టాల కదా?"

నాకు ఒళ్లు మండింది. "నా ప్రాణం తీయకు తల్లీ! విమానంలో ఉండేది నాలుగున్నర గంటలే."

అప్పటికి ఆమె మనసు కుదుటపడింది. "సాయంత్రం ఏడుకే కదా రిసెప్షను. టైముకు విచ్చుకుంటాయి, సూడు" అంది. తెల్లవారకముందే కోసిన మొగ్గలతో దండ కట్టి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఏడు గంటలకు సుప్రియ ఆ దండతో వేదిక ఎక్కింది. ఒక్క మొగ్గ కూడా విచ్చుకోలేదు. వీడియో కాల్‌లో చూసిన అక్క ఏడ్చేసింది.

"ఆ సల్లటి విమానంలో సచ్చిపోయినాయేమో మునీ! బిడ్డ పెళ్లికి మొగ్గలు పంపిస్తినే!"

నేను విమానంలోని ఏసీని నోటికొచ్చినట్టు తిట్టాను. పెళ్లికొడుకు తల్లి వేరే దండ తెప్పిస్తానంది. సుప్రియ దండను రెండు చేతులా పట్టుకుని తీయనంది.

తొమ్మిదికి, భోజనాలు ముగుస్తుండగా, గుప్పున వాసన. తిరిగి చూస్తే పిల్ల మెడ నిండా తెల్లగా విచ్చుకున్న మల్లెలు! నేనింకా మార్చని నా చేతి గడియారంలో ఆరున్నర. కుప్పంలో మొగ్గలు విచ్చుకునే వేళ, రోజూ అక్క బుట్ట మీద తడిగుడ్డ తీసే వేళ. గడియారం తేడా గురించి అంత వాదించిన మనిషి దాన్ని విమానానికే లెక్కేసుకుంది, పూలకు వేయలేదు. నాకూ తట్టలేదు. అక్కడి ఏడంటే మనకు నాలుగున్నరే.

వెంటనే ఫోన్ చేసి చూపించాను. అక్క ఏడుస్తూనే నవ్వింది.

"అయ్యో, వాటికి మన పొద్దే కదప్పా తెలుసు! నీ ఫోటోలన్నిట్లో మొగ్గలే పడినాయి కదమ్మా సుప్రియా!"

"పడనీలే సిన్నమ్మా. ఈడ అందరూ తినేసినారు, నాకింకా ఆకలే కాలేదు" అంది సుప్రియ. "ఆడ నువ్వింకా పొయ్యి ఎలిగించలేదు కదా."