మూత తీయని సీసా

పరాయి దేశంలో మూడు రోజులు తిరిగొద్దామని వచ్చిన ఆ నాన్న, ఊరిని చూసినదానికన్నా టాక్సీ మీటరును చూసిందే ఎక్కువ. హోటల్లో ధరల పట్టికను ఫొటో తీసుకున్నాకే కుర్చీలో కూర్చుంటాడు. చొక్కా లోపలి జేబులో ఉన్న పర్సును నిమిషానికోసారి తడుముకుంటాడు. "మనం ఊరు చూడ్డానికొచ్చామా, కాపలా కాయడానికొచ్చామా?" అంటుంది భార్య. "మోసపోయాక నువ్వే అంటావు, చూసుకోవద్దా అని" అంటాడు.

రెండో రోజు మధ్యాహ్నం సంతలో, పండ్లవాడి తూకం సరిచూడ్డానికి వంగినప్పుడు ఆరేళ్ళ కూతురి చెయ్యి వదిలాడు. తలెత్తేసరికి పిల్ల లేదు. ఇద్దరూ గంటసేపు పిచ్చివాళ్ళలా వెతికితే, వీధి చివర పూలమ్మే ముసలావిడ గొడుగు కింద పిల్ల కనిపించింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆవిడ చేతిలో మూత తీయని నీళ్ళ సీసా ఉంది. తాగమని బతిమాలి బతిమాలి అలిసిపోయినట్టు ఆవిడ అతని వైపు చూసింది.

"దాహమెయ్యలేదా తల్లీ?" అన్నాడు.

"చాలా వేసింది నాన్నా. ఇక్కడ నవ్వుతూ ఏమిచ్చినా తీసుకోవద్దన్నావుగా. ఆవిడ నవ్వుతూనే ఉంది."

అతను మూత తిప్పి సీసా అందించాడు. గుక్కగుక్కకీ ఆగి, ఆవిడ ముఖంలోకి అనుమానంగా చూస్తూనే పిల్ల నీళ్ళు తాగింది.