రియాజ్ మోకాలు, సగం బొమ్మ

రియాజ్ మోకాలి చిప్ప విరిగిన రోజు నెట్‌కు అవతలి పక్కన ఉన్నది నేనే. పొద్దున్నే షటిల్ ఆడుతున్నాం. నేను నెట్ దగ్గర మెల్లగా వేసిన కాక్ కోసం ఉరికి, సిమెంటు నేల మీద మోకాలితో పడ్డాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి అంతలా ఉరకాల్సిన పనేముంది? కాక్ వేసింది నేనే కాబట్టి ఆ మాట పైకి అనలేకపోయాను.

రేపల్లె బస్టాండు దగ్గర రియాజ్‌కు జిరాక్సు షాపు ఉంది. ఇరవై నాలుగేళ్ల కిందట అదే గదిలో నెట్ సెంటర్ నడిపాడు. మూడు కంప్యూటర్లు, మధ్యలో చెక్క అడ్డాలు, టెలిఫోను తీగ మీద కీచుకీచుమని అరిచి అరిచి కలిసే ఇంటర్నెట్. నేను అప్పుడే స్కూల్లో లెక్కల మాస్టారుగా చేరాను. నాకు మొదటి ఈమెయిల్ చేసి పెట్టింది అతనే. దానికి ఉత్తరం రాసేవాళ్లు ఎవరూ లేక, చివరికి పక్క కంప్యూటర్లోంచి తనే ‘బాగున్నావా శివకృష్ణా’ అని పంపాడు. మా స్నేహం అలా మొదలైంది.

అప్పట్లో పేజీ తెరిస్తే ముందు అక్షరాలు వచ్చేవి. బొమ్మ మాత్రం పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. లైను ఎప్పుడు తెగుతుందో దేవుడికే తెలియాలి. అందుకని రియాజ్ అక్షరాలు పూర్తికాగానే ప్రింటు కొట్టేసేవాడు. అతను తీసిన ప్రింట్లలో మనుషులకు నడుం దాకానే ఒళ్లు ఉండేది. ఎవరైనా గొణిగితే, “విషయం వచ్చేసిందిగా, బొమ్మతో పనేంటండి?” అని పంపేసేవాడు. పైగా పనికొచ్చేదనుకున్న ప్రతి కాగితానికీ ఇంకో కాపీ తీసి ఫైళ్లలో దాచాడు.

మోకాలికి తెనాలిలో ఆపరేషను చేసి తీగ వేశారు. ఆరు వారాల తర్వాత కట్టు విప్పి, ఇక వంచడం మొదలుపెట్టాలి, ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. పూర్తిగా వంగుతుందా అని అడిగితే డాక్టరు మాటివ్వలేదు. రియాజ్‌కు దిగులంతా అక్కడే పట్టుకుంది. మసీదులో ముసలివాళ్లతో పాటు వెనక కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నాడు.

“కుర్చీలో చేసినా చెల్లుతుందిరా, తప్పేం లేదు. కానీ సజ్దాలో నుదురు నేలకి ఆనాలి. అది లేకపోతే నాకు నమాజు చేసినట్టే ఉండట్లేదు,” అన్నాడొకసారి.

మరి అంత దిగులున్నవాడు ఫిజియోథెరపీకి వెళ్లాలా వద్దా? వెళ్లలేదు. ఫోనులో వీడియోలు చూద్దామంటే ఒకడు వంచమంటాడు, ఇంకొకడు వంచొద్దంటాడని తిట్టుకున్నాడు. తన పాత ఫైలు దించి, రెండువేల రెండులో ఎవరికోసమో తీసిన మోకాలి వ్యాయామం కాగితం బయటికి లాగాడు. అందులో ఒకాయన కుర్చీలో నిటారుగా, తొడల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తొడల కింద అంతా తెల్ల కాగితమే. బొమ్మలో చూపినట్టు పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి ఉంచాలని, రోజుకు మూడు పూటలా చేయాలని ఇంగ్లీషులో ఉంది.

రియాజ్ అయిదు వారాలు ఒక్క పూట మానకుండా చేశాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని పొట్ట బిగబట్టేవాడు. సాయంత్రం పూట అంకెలు లెక్కపెట్టింది నేను. లెక్కల మాస్టారిని కదా, ఒక్కటి తప్పలేదు. బెల్టు ఒక రంధ్రం లోపలికి వచ్చింది. ఇద్దరం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. మోకాలు మాత్రం కర్రలాగే ఉంది.

చివరికి అతని భార్య ఫర్జానా మా ఇద్దరికీ కలిపి గడ్డిపెట్టి తెనాలి రైలెక్కించింది. అక్కడ ఫిజియోథెరపిస్టు ప్రమీల, ముప్పై ఏళ్లుంటాయేమో, ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగింది. రియాజ్ గర్వంగా కాగితం తీసిచ్చాడు. ఆమె వెనక్కి తిప్పి చూసింది.

“కాళ్లేవి అన్నయ్య గారూ?”

“కాళ్లు రాలేదమ్మా. లైను తెగిపోయింది.”

“ఎప్పుడండి?”

“రెండువేల రెండులో.”

ఆమె నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది. తర్వాత మోకాలు పట్టుకుని వంచి చూసి నవ్వు ఆపేసింది. “డెబ్బై డిగ్రీలు కూడా లేదండి. ఇంకో నెల ఆగి వస్తే మళ్లీ ఆపరేషను అనేవాళ్లు. కుర్చీలో కూర్చుని బాగున్న కాలు ఈ కాలి ముందు వేసి, దీన్ని వెనక్కి నెట్టాలి. అసలు పనంతా ఈ కాగితంలో రాని చోటే ఉందండి.”

“నేలమీద నమాజుకి కూర్చోగలనా అమ్మా?”

“మాటివ్వలేనండి. మీరు ఓర్చుకుంటే చూద్దాం.”

తర్వాత అయిదు నెలలు, వారానికి రెండుసార్లు రైల్లో వెళ్లొచ్చాడు. వీలైనప్పుడల్లా నేనూ వెళ్లాను. లెక్కపెట్టిన పాపం నాదీ కదా. ఆమె నెడుతుంటే రియాజ్ కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, నేను గోడవైపు తిరిగేవాణ్ణి. తొంభై అయింది. నూటపది దగ్గర నెలరోజులు మొండికేసింది. తర్వాత మెల్లగా కదిలింది.

మొన్న గురువారం సాయంత్రం, బడి వదిలాక షాపులో ఉన్నాను. అసర్ నమాజు వేళయింది. రియాజ్ జిరాక్సు మిషను వెనక నేలమీద జానమాజు చాప పరిచాడు. నిలబడ్డాడు, నడుం వంచి లేచాడు. తర్వాత గోడ పట్టుకుని కిందికి దిగాడు. మోకాళ్లు ఆనాయి, చేతులు ఆనాయి, నుదురు ఆనింది. అమ్మయ్య అనుకున్నాను.

ఎంతసేపటికీ లేవడం లేదు. నమాజులో ఉన్నవాణ్ణి పలకరించకూడదు. కాలు పట్టేసిందో, తీగ తెగిందో అనుకుంటూ రెండడుగులు వేసి ఆగిపోయాను. అప్పుడు లేచి, మడమల మీద కూర్చుని, మిగతాదంతా నిదానంగా పూర్తిచేశాడు.

“ఇరుక్కుపోయావనుకుని హడలి చచ్చాను కదరా,” అని కసిరాను.

“ఇరుక్కోలేదురా,” అన్నాడు రియాజ్. “ఎనిమిది నెలలైంది. లేవబుద్ధి కాలేదు.”